బ్రీజ్‌కు తెలుగు మాట

మా అపార్టుమెంటు పేరులో బ్రీజ్ అనే మాట ఉంది. సర్జాపుర రోడ్డు మీద ఇలాంటి పేర్లు చాలా ఉన్నాయి. ఇల్లు మారిన రోజున అక్క గేటు దగ్గర ఆగి, బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"బ్రీజ్ అంటే ఏంది రా?"

"గాలి."

"గాలికి విండ్ అంటారని నువ్వే చెప్పినావు గదా."

"ఇది మెల్లగా వచ్చే గాలి."

"మెల్లగైనా కానీలే. వస్తే చాలు."

ఆ గాలి కోసమే ఇక్కడికి వచ్చాం. అక్క హెబ్బగోడిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు మిషను కుట్టింది. తెరిస్తే గుడ్డ ఎగురుతుందని అక్కడ కిటికీలు మూసే ఉంచేవారు. నూలు నుసి గాలిలోనే తిరిగేది. గోడకు ఒక పెద్ద ఫ్యాను ఉండేది, కరెంటు దండగని సూపర్‌వైజరు దాన్ని మధ్యమధ్యలో ఆపేసేవాడు. మిషన్ల మోతలో ఆ సంగతి తెలియదు కాబట్టి ఆడవాళ్లు ఫ్యాను జాలీకి ఒక గుడ్డ పీలిక కట్టేవారట. పీలిక వేలాడిపోతే ఎవరో ఒకరు లేచి అరిచేవారు. మానేసేనాటికి అక్క నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. నుసి లేని చోట, గాలి ఆడే ఇంట్లో ఉండాలని డాక్టరు చెప్పాడు.

నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంట్లో ఇద్దరమే. తొమ్మిదో అంతస్తులో ఇల్లు తీసుకున్నాం. సామాన్లు విప్పకముందే అక్క తన పాత జాకెట్టు అంచు చింపి, ఎర్ర పీలిక ఒకటి బాల్కనీ గ్రిల్‌కు కట్టింది. అది లేచి ఆడింది. అక్క దాని కిందే కుర్చీ వేయించుకుంది.

ఎదుటి ఖాళీ స్థలంలో రెండో బ్లాకు మొదలవడంతో ఆ సుఖం తగ్గుతూ వచ్చింది. వాళ్ల అంతస్తులు మా ఎత్తుకు వచ్చేసరికి పీలిక ఎప్పుడో గాని కదిలేది కాదు. పడుకుంటే ఊపిరి అందక అక్క కూర్చునే ఉండేది. పొద్దుపోవడానికి నన్ను ఏదో ఒకటి చదవమనేది. ఒక సాయంత్రం నిఘంటువు తెప్పించింది.

"నీ ఇంగ్లీషు గాలి ఇంకా రాలేదు. దాంట్లో యాడుందో సూడు."

చదివాను. బ్రీజ్ అంటే మెల్లగా వీచే గాలి. దాని పక్కన చుట్టాల్లా జెఫర్, పఫ్, గస్ట్, డ్రాఫ్ట్. గస్ట్ ఒక్కసారిగా విసురుగా వచ్చేది, డ్రాఫ్ట్ తలుపు సందులోంచి దూరేది. రెండో అర్థం, సులువుగా అయిపోయే పని. ఇంకో అర్థం, బొగ్గు కాల్చగా మిగిలిన పొడి, దాంతో ఇటుకలు చేస్తారు. తెలుగులో చిరుగాలి, పిల్లగాలి, తెమ్మెర, మందమారుతం అని కూడా చెప్పాను.

అక్క బాల్కనీ గచ్చు మీద వేలితో గీసి చూపించింది. బూడిదరంగు దుమ్ములో గీత పడింది. "బొగ్గు పొడి అన్నావే, మనకు వచ్చింది అదే. మిగిలినవన్నీ సుమ్నే, ఉత్త మాటలు. గాలికి ఇన్ని పేర్లు ఎందుకు రా? వస్తాదా, రాదా, అంతే గదా."

తెమ్మెర అనే మాట నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. ఆ సాయంత్రం తర్వాత దాన్ని ఎక్కడా రాయలేదు.

గాలి ఉన్న చోటు ఒకటి మాకు తెలుసు. కొత్తలో టెర్రస్ తెరిచే ఉండేది. లిఫ్టులో పైదాకా వెళ్లి, మిగిలిన మెట్లు ఆగి ఆగి ఎక్కి, అక్క అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో గంటలు కూర్చునేది. కొంగు ఎగిరిపోతుంటే పట్టుకుని నవ్వేది. తర్వాత ఎవరో నీళ్ల ట్యాంకు ఎక్కి ఫొటోలు దిగారని అసోసియేషన్ వాళ్లు తాళం వేశారు. తాళంచెవి కోసం ఫోను చేస్తే సెక్రటరీ తానే మా ఇంటికి వచ్చి, మర్యాదగా కూర్చున్నాడు. తెలుగువాడే.

"ఏమప్పా," అంది అక్క, "గాలిని ఎవరన్నా ఎత్తుకపోతారని తాళం వేసినావా?"

"అయ్యో, అదేం లేదమ్మా. సేఫ్టీ ఇష్యూ. మీ ఒక్కరికి ఓపెన్ చేస్తే నాలుగొందల ఫ్లాట్లకూ చేయాలి."

"నాలుగొందల ఇండ్లలోనూ ఆయాసం ఉండాదా?"

ఆయన నవ్వాడు. "మీటింగ్‌లో పెడతానమ్మా" అన్నాడు. పెట్టాడు కూడా. ఆ మీటింగంతా కారు పార్కింగ్ గొడవతోనే అయిపోయింది. టెర్రస్ సంగతి తర్వాతి మీటింగ్‌కు వాయిదా పడింది.

తర్వాతి మీటింగ్‌దాకా అక్క లేదు. ఆసుపత్రిలో పోయింది, ముక్కుకు గొట్టంతో.

పెద్ద దినం నాడు కాకికి పెట్టాలి. బాల్కనీలో పెడదామంటే పావురాలు రాకుండా ప్రతి ఇంటికీ వల బిగించారు. కాకి దూరదు. సెక్రటరీకి ఫోను చేశాను. రెండు నిమిషాల్లో తాళంచెవితో వచ్చాడు.

"ఇలాంటి వాటికి కాదనకూడదు సార్. మా కమిటీలో ఎవ్వరూ ఏమీ అనరు."

టెర్రస్ తలుపు తెరవగానే గాలి మా ఇద్దరినీ వెనక్కి నెట్టింది. దీపం వెలగలేదు. విస్తరి ఎగిరిపోతుంటే నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టాను. అక్క కుర్చీ ట్యాంకు పక్కన బోర్లాపడి ఉంది. మెతుకులు గచ్చు మీద దొర్లాయి. సెక్రటరీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని చొక్కా వీపు వెనక ఉబ్బింది.

"అబ్బా, పైన ఏం బ్రీజ్ సార్!" అన్నాడు.

కాకి రెండుసార్లు వాలబోయి, నిలవలేక ఎగిరిపోయింది. మూడోసారి వాలి ఒక ముద్ద ఎత్తుకుంది.

"తీసుకుంది సార్. అమ్మగారికి తృప్తి అయింది." చేయి చాపాడు. "లాక్ చేసేద్దామా? కీ మీ దగ్గరుంది."

ఇందాక దీపం పట్టుకోమని అతనికిచ్చి, తాళంచెవి నేను తీసుకున్నాను. అది నా గుప్పిట్లోనే ఉంది.

"మీటింగ్‌లో పెట్టండి" అన్నాను.

నవ్వాలో వద్దో తెలియనట్టు అతను నా ముఖం చూశాడు. నేను వెళ్లి కుర్చీ నిలబెట్టి, దుమ్ము తుడిచి, కూర్చున్నాను. అతను కాసేపు తలుపు దగ్గర నిలుచున్నాడు, తర్వాత కిందికి వెళ్లిపోయాడు. సాయంత్రం వాచ్‌మన్‌ను పంపాడు. తాళంచెవి ఇచ్చేశాను.

ఇంటికి వస్తే బాల్కనీలో పీలిక నిలువుగా వేలాడుతోంది.