రుమాలు వేసినవాడిదే యంత్రం

గుంటూరులో నేను చదివిన కాలేజీలో, అరవైల మొదట్లో, గణాంకశాస్త్రం విద్యార్థులందరికీ కలిపి ఒకటే లెక్కల యంత్రం ఉండేది. ఇప్పటి కంప్యూటరుకు అది ముత్తాత అనుకోవచ్చు. కరెంటు అక్కర్లేదు. మీటలు జరిపి అంకెలు పెట్టి పక్కనున్న పిడి తిప్పితే గరగరమంటూ కూడేది. వెనక్కి తిప్పితే తీసేసేది. తీసివేత సున్నా దాటి కిందికి పోతే టింగుమని గంట కొట్టేది. చెడిపోతే బాగుచేసే మనిషి మద్రాసు నుంచి రావాలి. అందుకని మా మాస్టారు దాన్ని కన్నబిడ్డకంటే భద్రంగా చూసుకునేవారు.

ఆ గది గోడమీద ఆయన స్వదస్తూరితో నిబంధనల కాగితం ఒకటి అంటించి ఉండేది. మేము చేరేటప్పటికి అందులో మూడో నాలుగో ఉండేవి. మేము చేరాక అది కిందికి పెరిగింది. ప్రతి నిబంధన వెనకా ఒక ఘనుడు ఉండేవాడు. భోజనం చేశాక సబ్బుతో చెయ్యి కడుక్కోకుండా యంత్రాన్ని ముట్టరాదన్నది, ఆవకాయ నూనెతో మీటలు జారేట్టు చేసిన కనిగిరి కుర్రాడి చలవ. గంట ఊరికే మోగించరాదన్నది, పక్క గదిలో పద్యం చదువుతుంటే పాదం పాదానికీ టింగుమనిపించిన బ్రాడీపేట మిత్రుడి ఘనకార్యం. సొంత లెక్కలు చేయరాదన్నది మిర్చి వ్యాపారి కొడుకు సంపాదించి పెట్టింది. వాళ్ళ కొట్టులో బస్తాల తూకాలు తెచ్చి ఇక్కడ కూడేవాడు. యంత్రానికి సంబంధించింది ఏది చింపినా, కోసినా, విరగ్గొట్టినా ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వనన్నది కూడా అతని ఖాతాలోదే. తన మూలాన ఒక నిబంధన పుడితే మాకది బిరుదు వచ్చినంత లెక్క.

ఇన్ని రాసిన మాస్టారు ఒక సంగతి మాత్రం రాయలేదు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది. దానికి మేము బస్సు పద్ధతి పెట్టుకున్నాం. కిటికీలోంచి రుమాలు వేస్తే సీటు మనదయినట్టే, పొద్దున్నే గది కిటికీ ఊచల్లోంచి యంత్రం మీద రుమాలు విసిరినవాడికి మొదటి వంతు. ఆ పైన ఎవరి రుమాళ్ళు పడితే వాళ్ళు వరసగా ఆ తర్వాత. మాస్టారు పదింటికి గాని వచ్చేవారు కాదు కాబట్టి ఆయనకు ఈ రాజ్యాంగం తెలియదు.

మా క్లాసులో ఒక్కతే అమ్మాయి. మంగళగిరిలో చీరలు నేసే వాళ్ళమ్మాయి. రోజూ బస్సులో వచ్చి బస్సులో వెళ్ళేది. ఆమె రుమాలు మా రుమాళ్ళ మధ్య కనిపిస్తే ఊరంతా కథలు అల్లుతుంది. అందుకని ఒకరోజు తన జామెట్రీ బాక్సు కిటికీ అంచున పెట్టి చూసింది. మిర్చి వ్యాపారి కొడుకు ఎంతో మర్యాదగా తీసి చేతికిచ్చాడు.

"పెట్టెలు లెక్కలోకి రావండీ. గుడ్డే వెయ్యాలి."

మా వంతులన్నీ అయ్యేసరికి ఆమె బస్సు వేళయ్యేది. పరీక్షలు దగ్గరపడ్డాయి. రికార్డులో లెక్కలన్నీ యంత్రం మీద చేసి మాస్టారి సంతకం పెట్టించుకోకపోతే ప్రాక్టికల్స్‌కి రానివ్వరు. ఆ ఏడాది పోయినట్టే. ఆమె రికార్డులో సగం పేజీలు తెల్లగానే ఉన్నాయి.

అప్పుడే యంత్రం పాత ముసుగును ఎలుకలు కొట్టేశాయి. మాఘం దాటితే మా కాలేజీ వెనక కారం మిల్లు ఆగకుండా ఆడుతుంది. గదిలోకొచ్చే గాలి కూడా ఎర్రగా ఉంటుంది. మాస్టారు కంగారుపడి, రోజూ సాయంత్రం దుమ్ము చొరకుండా యంత్రానికి గట్టిగా ముసుగు కట్టి వెళ్ళాలని కొత్త నిబంధన రాశారు. ముసుగు నేను కుట్టించి తెస్తానండి అంది ఆ అమ్మాయి. తెచ్చింది. ముతక నేత గుడ్డ, నాలుగు వైపులా నూలుతాళ్ళు.

"ఒరేయ్, మిషనుకి చీర కట్టార్రా!"

"అంచు కూడా ఉందిరోయ్. ఇక పెళ్ళికొడుకుని వెతకాలి."

రోజూ కట్టడమెవరన్న ప్రశ్న వచ్చింది. బస్సెక్కబోయే ముందు నేను కట్టి వెళ్తాలెండి అంది. పని తప్పిందని మేము సంతోషంగా ఒప్పుకున్నాం.

మర్నాడు పొద్దున అటెండరు తలుపు తీశాడు. యంత్రం మీద ఐదు రుమాళ్ళు, అన్నిటికంటే కింద మిర్చి వ్యాపారి కొడుకుది. దర్జాగా కూర్చుని ముడి విప్పబోయాడు. రాలేదు. మగ్గం మీద తెగిన పోగుల్ని కలపడానికి వేసే ముడి అది. ఎంత లాగితే అంత బిగుస్తుంది.

"గోళ్ళున్నవాడు ఎవడైనా రండ్రా!"

గోళ్ళున్నవాళ్ళు వచ్చారు, గోళ్ళు పోగొట్టుకుని వెళ్ళారు.

"పోనీ, కత్తెర తెండ్రా!" అన్నాడతను.

"కోస్తే ప్రాక్టికల్స్ ఉండవు. గోడమీద చూడు, నీ పుణ్యమే."

"అయితే కొరకరా. కొరకరాదని ఎక్కడా లేదు."

అతను వంగి ముడిని పళ్ళతో పట్టుకున్నాడు. రాత్రంతా మిల్లు ఆడిన కారం ఆ తాళ్ళకు పట్టి ఉందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

"బాబోయ్! నీళ్ళు! నీళ్ళురా!"

"మిర్చి కొట్టు వాళ్ళబ్బాయివి, నీకు కారమేంట్రా?"

సరిగ్గా అప్పుడే మాస్టారు లోపలికొచ్చారు. ఆ రోజు ఎందుకో ముందే వచ్చారు.

"ఏమయ్యా, యంత్రానికి ముద్దులు పెడుతున్నావా?"

అతను నాలుక బయటపెట్టి చేత్తో విసురుకుంటున్నాడు. వెనకే ఆ అమ్మాయి గుమ్మంలో కనిపించింది.

"ఏమ్మా, ఇది నువ్వు కట్టిందేనా?"

"అవునండి. దుమ్ము చొరకుండా గట్టిగా కట్టమన్నారు గదండీ."

"గట్టిగా అంటే మరీ ఇంత గట్టిగానా?"

"ఎంత గట్టిగానో రాయలేదండీ."

మాస్టారు మీసాల్లో ఏదో దాచుకున్నారు.

"మరి వీళ్ళు ఎలా విప్పుకోవాలి?"

"అడిగితే విప్పకపోతానా అండీ? రుమాళ్ళు వేసుకున్నారు కదా, అన్నీ వాటితోనే అవుతాయేమో అనుకున్నాను."

"రుమాళ్ళేమిటి?"

"వంతుల కోసం వేసినవండీ," అంది ఆ అమ్మాయి. ఆయన పెన్సిలు కొసతో ఒక్కొక్కటీ ఎత్తి చూపించారు. ఇది ఎవరిది, అది ఎవరిది? ఏదీ ఎవరిదీ కాదని తేలింది. అన్నీ అటెండరు చేతికిచ్చి, బల్లలు తుడవడానికి పనికొస్తాయి ఉంచుకోమన్నారు.

తర్వాత కలం తీసి గోడ దగ్గరికి వెళ్ళారు. ఇక నుంచి రోజూ హాజరు పట్టీ వరసలో తలా అరగంట అని రాశారు. మా కాలేజీలో హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్లు ముందుండేవి. ఒక్కతే అయినా ఒకటో నంబరు ఆమెదే.

"సార్, కింది నుంచి మొదలుపెట్టకూడదాండీ?" వాచిన పెదవులతో మిర్చి వ్యాపారి కొడుకు అడిగాడు.

"నీ పేరు చివర ఉందా?"

"మధ్యలో ఉంది సార్."

"మరి ఎటునుంచైతే నీకేమిటయ్యా?"

ఆ అమ్మాయి ముడి కొసను వెనక్కి వంచి ఒక్క లాగు లాగింది. ముసుగు ఊడొచ్చింది. మేమంతా బెంచీల మీద కూర్చుని ఆమె పిడి తిప్పుతుంటే వింటూ ఉండిపోయాం.

పరీక్షలకు ముందే ఆమె రికార్డు ఆఖరి పేజీలో మాస్టారి సంతకం పడింది. మాలో సగంమందికి ఇంకా పడలేదు. ఆ సాయంత్రం ఆమె పుస్తకాలు సర్దుకుంటుంటే మిర్చి వ్యాపారి కొడుకు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మీదయిపోయింది కదండీ. రేపట్నుంచి మీ అరగంట నాకిస్తారా?"

"ఇంత బాగా అడిగితే ఇవ్వకేం చేస్తానండీ, తీసుకోండి," అని ఆమె బస్సుకు వెళ్ళిపోయింది.