గంధం బొట్టు

నా తప్పును చనిపోయిన మనిషి మీద వేసి ఎనిమిదేళ్లుగా బతుకుతున్నాను. మొదట్లో గుండె మీద బండలా ఉండేది. ఇప్పుడు మొద్దుబారిపోయింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను.

కర్నూలు బయట ఒక కెమికల్ ఫ్యాక్టరీలో స్టోర్ చూసేదాన్ని. ట్యాంకులు కడగడానికి దిగేవాళ్లకు చొక్కాకు తగిలించుకునే గ్యాస్ డిటెక్టర్ ఇవ్వడం నా పని. ముందువైపు చిన్న జల్లెడ కన్ను, దాని వెనక నువ్వుగింజంత సెన్సర్. అందులో కంటికి ఆనని పలక ఒకటి వణుకుతూ ఉంటుంది. విషవాయువు తగిలితే ఆ వణుకు మారుతుంది, అలారం మోగుతుంది.

ఆయుధపూజనాడు స్పానర్లకు, మోటార్లకు పెట్టినట్టే డిటెక్టర్లకూ గంధం, కుంకుమ పెట్టాను. సరిగ్గా ఆ కన్ను మీదే. నుదురులా అనిపించింది. మర్నాడు తుడిచి, సీసాలోని పరీక్ష గ్యాసు పట్టించి చూశాకే ఇవ్వాలి. పండగ ముందే చూశాను కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. అనుకున్నానా, అసలు ఆలోచించానా?

కోసిగి నుంచి పనికొచ్చిన హనుమంతు, నేను బొట్టు తుడవకుండా ఇచ్చిన డిటెక్టర్ బటన్ నా ఎదురుగానే నొక్కాడు. పచ్చదీపం వెలిగింది; కన్ను మూసుకుపోయినా ఆ దీపం వెలుగుతుంది. ట్యాంకులోకి దిగాడు. అలారం మోగలేదు. పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు.

ఆ గోలలో డిటెక్టర్ నా చేతికొచ్చింది. ఎండిన గంధాన్ని గోటితో గీకేశాను. బటన్ నొక్కి ఆపేశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? ఉండొచ్చు, కానీ ఆ నిమిషంలో భయం కూడా తెలియలేదు, గోట్లో ఇరుక్కున్న గంధం మాత్రమే తెలిసింది. ఆన్ చేయకుండా దిగాడని పైవాళ్లు రిపోర్టులో రాశారు. సాక్షి సంతకం నాది.

మూడోరోజు అతని భార్య ఈరమ్మ గేటు దగ్గర నన్ను ఆపింది.

"అక్కా, మా ఆయప్ప దాన్ని ఆన్ చేయకనే దిగినాడంటాండారు. శానా జాగ్రత్త మనిషక్కా. నువ్వు ఈడనే ఉంటివి కదా, చెప్పు."

"చేయలేదమ్మా," అన్నాను.

"అయితే మమ్మల్ని తలుచుకోకనే దిగినాడు," అంది. ఏడవలేదు. నాకు దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆ దండం ఎందుకు తీసుకున్నాను? ఆ ఒక్క మాటతో ఆమెకు మొగుడి జ్ఞాపకం కూడా సరిగా మిగలకుండా చేశానని ఇంటికెళ్లాక అర్థమైంది. అయినా మర్నాడు డ్యూటీకి వెళ్లాను, క్యారియర్ విప్పుకుని అన్నం తిన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. గేటు దగ్గర చెప్పాల్సిన మాట ఇప్పుడు రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఈరమ్మా, అతను ఆన్ చేశాడు. దిగే ముందు దీపం వెలుగుతోందా లేదా అని ఇంకోసారి కూడా చూసుకున్నాడు.