షమీమక్క కుట్టిన చొక్కా

షమీమక్క పోయిందట.

నిన్న పొద్దున్న వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెబితే "ఏ షమీమక్క?" అని అడిగాను. తెలిసి కూడా అడిగాను.

మొన్ననే గుణదల బస్టాప్‌లో కనబడి, ఏంటే ఇలా చిక్కిపోయావని నన్ను కేకలేసింది. హార్ట్ ఎటాక్ అట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళే టైమ్ కూడా ఇవ్వలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా అబ్బాయి చరణ్‌కి పుట్టుకతోనే చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు. బెజవాడ ఎండల్లో అలాంటి పిల్లాడిని పెంచడమంటే ఏంటో నాకే తెలుసు. మార్చి వస్తే స్కూల్ మానిపించి, తలుపులేసి, తడి తువ్వాలు కప్పి కూర్చోబెట్టేదాన్ని.

షమీమక్క మా వీధిలో టైలర్. వీడు కిటికీ పట్టుకుని బయట పిల్లల ఆట చూస్తుంటే ఆవిడ కంటబడ్డాడు. ఎక్కడెక్కడో వాకబు చేసి, కూలింగ్ ఫ్యాబ్రిక్ తెప్పించి చొక్కా కుట్టింది. తడిపి తొడిగితే లోపలి పొర నీళ్ళు పట్టుకుంటుంది, పైపొర కొంచెం కొంచెంగా ఆరబెడుతుంది. వాడి ఒంటికి చేతకాని పని ఆ గుడ్డ చేసేది.

వాడు మొదటిసారి ఏప్రిల్‌లో స్కూల్‌కి నడిచి వెళ్ళాడు.

మరి నేనేం చేశాను? దాన్ని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తొడిగాను. మా ఇంట్లో గంజి పెట్టని చొక్కాతో ఎవరూ గడప దాటరు.

ఆ రోజు స్కూల్ గేటు దగ్గర పడిపోయాడు.

వాడు తేరుకోగానే ఆ చొక్కా పట్టుకుని షాపుకెళ్ళాను. కస్టమర్ల ముందే "నా బిడ్డ మీద ప్రయోగాలు చేస్తావా" అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఈ నోరు అలాంటిది. ఆవిడ గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"గంజి పెట్టావా అమ్మా?"

గంజి ఆ నేతలోని సందులన్నీ పూడ్చేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదేలే. ముందే చెప్పాల్సింది" అంది. తిట్లు తిన్న మనిషి నన్ను ఓదార్చింది.

తర్వాత ప్రతి వేసవికీ వాడి కొలతలు తీసుకుని కొత్తది కుట్టింది. నేను మాత్రం సారీ చెప్పలేదు. చెబుదామని వెళ్ళి, ఏం కూర వండావని అడిగి వచ్చేసేదాన్ని.

నిన్న మిట్టమధ్యాహ్నం జనాజా బయల్దేరింది. ఎండకి వద్దురా అన్నాను. పద్దెనిమిదేళ్ళొచ్చాయి, వింటాడా. చొక్కా తడిపి తొడుక్కుని ఖబరస్తాన్ దాకా నడిచాడు. జనాజాకి భుజం కూడా పట్టాడట.

వచ్చి, "నాకేం కాలేదమ్మా" అని నన్ను పట్టుకుని ఏడ్చాడు.

అక్కా, నీ పిల్లాడు నిన్ను సాగనంపి క్షేమంగా ఇంటికొచ్చాడు.

సారీ అక్కా. ఆ అల్లా నిన్ను కడుపులో పెట్టుకుని చూసుకోవాలి.