రత్నమ్మ టీచరుగారి అంబాసిడరు

మొన్న మా ఇంటి ముందు ఎవరిదో కారు ఆగిపోయింది. బానెట్టు ఎత్తగానే కాగిన రేడియేటరు నీళ్ల వాసన గుప్పుమంది. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి, కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆ వాసన తగిలితే చాలు, రత్నమ్మ టీచరుగారు గుర్తొస్తారు.

ఎనభైల్లో యానాంలో ఆవిడ అంబాసిడరుకి నేను డ్రైవర్ని. భర్త పోయాక ఆ కారును ఆవిడే కిరాయికి తిప్పేవారు. పెళ్లిజనం ఎక్కితే బండి ఈడ్చుకుంటోందని, ఇంజను మీద మూతలా ఉండే హెడ్డును అరగదీయించి పికప్పు పెంచించారు. అబ్బో, పరుగంటే పరుగు! కానీ ఎండల్లో ఊరికే వేడెక్కేది. ఆ సంగతి వచ్చిన ప్రతివాడికీ చెప్పేసేవారావిడ. "ఇంజనుకి పని చేయించాం నాయనా. దారిలో ఆగినా ఆగొచ్చు. ఆలోచించుకుని ఎక్కు." సగంమంది వెనక్కి వెళ్లిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. "మన బండిని మనమే తిట్టుకుంటే ఎలాగండి అమ్మగారూ?" అంటే, "ఎక్కేవాడికి తెలియాలి కదరా" అనేవారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కనకాలపేట నుంచి వీర్రాజు పరుగెత్తుకొచ్చాడు. భార్యకు నొప్పులు. మంత్రసాని చేతులెత్తేసింది, కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టీచరుగారు అప్పుడూ ఉన్నమాట చెప్పారు. "ఇంకో బండి దొరకలేదండి అమ్మగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాడు. ఆవిడ గొడుగు తీసుకుని వచ్చి నా పక్కసీట్లో కూర్చున్నారు.

"ఈ ఎండలో మీరెందుకండీ?" అన్నాను.

"బండి నాది కాబట్టి. వేడి చూపించే ముల్లు చివరికొస్తే ఆపెయ్. ఎవరేమన్నా సరే."

వీర్రాజు భార్యను వెనకసీట్లో ఎక్కించుకుని బయల్దేరాం. కోరింగ దాటాక ముల్లు చివరికొచ్చింది. ఆపేశాను. వెనకసీట్లో ఆ పిల్ల కేకలు వింటుంటే నాకు ప్రాణం పోయినట్టయింది. వీర్రాజు దిగి నా కాలరు పట్టుకున్నాడు. "నా పెళ్లాం పోయిందంటే నిన్నిక్కడే పాతేస్తాను!"

టీచరుగారు మా మధ్యకు వచ్చేశారు. "వాణ్ణొదులు. ఇంజను మార్పించింది నేను, మిమ్మల్ని ఎక్కించుకుంది నేను. కొడితే నన్ను కొట్టు" అని, తిన్నగా రోడ్డు మధ్యకు నడిచి, గొడుగు అడ్డంపెట్టి కాకినాడ బస్సును ఆపారు. ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రి దాకా వెళ్లారు.

దేవుడి దయ, తల్లీ బిడ్డా దక్కారు. మర్నాడు ఆ హెడ్డు అరగదీసిన మెకానిక్కు బిక్కమొహంతో వచ్చాడు. "నా పనిలో తప్పేవన్నా ఉందాండీ?"

"నేనడిగిందే నువ్వు చేశావు. ఇంక మామూలు హెడ్డు తెచ్చి బిగించెయ్" అన్నారావిడ.

ఇప్పుడు నాకూ రెండు కార్లున్నాయి. దారిలో ఇరుక్కుపోయానని డ్రైవరు ఫోను చేస్తే, ఎంత పనిలో ఉన్నా నేనే వెళతాను. "డ్రైవరున్నాడుగా, మీరెందుకు?" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఆ రోజు టీచరుగారు నా ముందుకొచ్చి నిలబడకపోతే, నేను జన్మలో మళ్లీ స్టీరింగు ముట్టేవాణ్ణి కాదని మా ఆవిడకెలా చెప్పను?