బెర్నార్డ్ అంటే ఏమిటో తెలిసిన రోజు

నా చిన్నప్పుడు నా పేరంటే నాకే గిట్టేది కాదు. మస్కట్‌లో మేముండే దార్సైట్ ఫ్లాట్లలో పిల్లలందరివీ రవి, సునీల్ లాంటి తేలికైన పేర్లు. నాది మాత్రం బెర్నార్డ్. మా తాతయ్య పుట్టినప్పుడు కాకినాడ వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ఎవరో దొర పెట్టిన పేరట అది. తాతయ్య పోయాక నాకు వచ్చింది. తెలుగు పిల్లలు దాన్ని ‘బర్రెనార్డు’ చేశారు. నేను ఆటకు దిగితే చాలు, ఎవడో ఒకడు అంబా అని అరిచేవాడు. పేరు మార్చమని అమ్మ ప్రాణం తీసేవాణ్ణి.

ఒక శుక్రవారం క్రికెట్ బంతి కోసం ఫ్లాట్ల వెనక కొండ ఎక్కి జారిపడ్డాను. అరచెయ్యి చీరుకుపోయింది. అమ్మ తను నర్సుగా పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు తెల్లగడ్డం జర్మన్ పెద్దాయన. కుట్లు అనే మాట వినగానే నేను మంచం కిందికి దూరాను. ఆయన కూడా నేల మీద చతికిలబడి నా పేరు అడిగారు. గొణిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పారు. అమ్మ నవ్వు ఆపుకోలేక తెలుగులో అందించింది.

“వాళ్ల పేరేనంటరా నీది! పాత జర్మన్ మాటల్లో మొదటి సగం ఎలుగుబంటంట, రెండో సగం గట్టివాడంట. ఎలుగుబంటంత ధైర్యం గలోడివంట నువ్వు.”

బర్రె కాదు, ఎలుగుబంటి! బయటికొచ్చి చెయ్యి చాపాను. తీరా సూది తగిలేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. సిగ్గేసింది.

“ఎలుగుబంట్లు ఏడవవు కదమ్మా?”

అమ్మ ఆయన్ని అడిగింది. ఆయన నవ్వలేదు. సూది ఆపి జవాబిచ్చారు.

“బోలెడు గోల చేస్తాయంట నాన్నా. కానీ పారిపోవంట. నీ ఇష్టమొచ్చినంత ఏడువు, చెయ్యి మాత్రం లాక్కోకు అంటున్నారు.”

గది అదిరేలా ఏడ్చాను. చెయ్యి కదపలేదు. అయిపోయాక ఆయన తన వేళ్లను పంజాలా వంచి, నా రెండో చేతికి తాకించి ఎలుగుబంటిలా గుర్రుమన్నారు.

మర్నాడు బడిలో కట్టు చూపిస్తూ కథంతా చెప్పాను. పిల్లలు బర్రెను వదిలేసి నన్ను ఎలుగ్గొడ్డు అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపుకు నేను ఛాతీ విరుచుకుని పలికేవాణ్ణి.

ఇప్పుడు నేనే తాతయ్యనయ్యాను. మా మనవళ్లలో ఎవరికైనా కన్నీళ్లొస్తే ‘మగపిల్లాడివి, ఏడవకూడదు’ అని నేను అనను. అమ్మ ఆఖరి రోజుల్లో ఆమె మంచం పక్కన నేను చాలాసార్లు ఏడ్చాను. లేచి బయటికి మాత్రం వెళ్లలేదు.