అక్కయమ్మ నోటి మాట

పట్టుపురుగులు ఆకు తింటుంటే సన్నగా వాన కురుస్తున్నట్టు ఉంటుంది. గూళూరు చుట్టుపక్కల చేలల్లో అసలు వాన ఎటూ అరుదే కాబట్టి, అక్కయమ్మ ఏళ్ల తరబడి ఈ వానలోనే బతికింది. పురుగులింట్లో తట్టల మధ్య కూర్చుని కళ్లు మూసుకుంటే చాలు, ఒళ్లంతా తడిసినట్టు చల్లగా ఉండేది.

పోయిన ఎండాకాలం బాగేపల్లి రోడ్డు మీద, భర్త గోవిందప్ప బండి వెనక కూర్చుని వెళ్తుంటే చీర కొంగు చక్రంలో పడింది. తలకు ఎడమవైపు దెబ్బ తగిలింది. మనిషి బతికి బయటపడింది గానీ మాట చెదిరిపోయింది. లోపల అన్నీ ఉన్నాయి. మల్బరీ ఆకు కనిపిస్తుంది, దాని పచ్చి వాసన తెలుస్తుంది. దాని పేరు కూడా నీళ్లడుగున రాయిలా కదులుతూ కనిపిస్తుంది, అందుకోబోతే జారిపోతుంది. ఆకు అనబోయి "దువ్వెన" అంటుంది. తప్పు మాట వచ్చిందని ఆమె చెవికే తెలిసి సిగ్గుతో చచ్చిపోతుంది. అప్పటికే గోవిందప్ప పరుగున దువ్వెన తెచ్చి తల దువ్వడం మొదలుపెట్టి ఉంటాడు. ప్రేమే, పాపం. కానీ అంత తొందరపాటు ప్రేమ పగవాడికి కూడా వద్దు.

అసలు గోవిందప్ప నోరు మూతపడే రకం కాదు. ఇప్పుడైతే ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడుతున్నాడు. ఎవరైనా పలకరిస్తే, "ఈమెకు ఆకలైతాండాది," "ఈమె పండుకుంటాదంట," అని చెప్పేస్తాడు. ఆమె నోరు తెరిచేలోగా బదులు చెప్పడం అయిపోతుంది.

చిక్కబళ్లాపురంలో మాటకు వైద్యం చేసే వీణ మొదటి రోజే ఆ సంగతి పసిగట్టింది.

"అప్పా, ఈయమ్మకు బుద్ధి, జ్ఞాపకం అంతా సరిగ్గానే ఉండాది. మాట బయటికొచ్చే దావ దెబ్బతినింది. ఒకసారికి ఒకటే అడగండి. అడిగినాక గమ్మునుండండి," అంది.

గోవిందప్ప బుద్ధిగా తల ఊపాడు. బస్సెక్కాక, గమ్మునుండడం ఎంత ముఖ్యమో ఇంటిదాకా భార్యకు వివరిస్తూనే ఉన్నాడు.

ఈమధ్య ఆయనొక నిర్ణయానికి వచ్చాడు. పురుగుల పని చాలించి, మల్బరీ తోట పీకించి టమోటా పెట్టాలి. తట్టలు తీసుకోవడానికి పక్క చేను రామప్ప ఒప్పుకున్నాడు. "అక్కయమ్మ గూడా సరే అనింది," అని గోవిందప్ప ఫోనులో చెబుతుంటే ఆమె గుమ్మంలోనే ఉంది. ఆమె అనలేదు. ఆ తోట పోతే తనకంటూ ఇక ఏదీ మిగలదు.

ఆ రోజు పురుగులు జ్వరంలో ఉన్నాయి. పొర విడిచే ముందు పురుగులు తల పైకెత్తి, మేత మాని నిద్రపోవడాన్ని అక్కడ జ్వరం అంటారు. అప్పుడు ఆకు వెయ్యరు, తట్ట కదపరు, గట్టిగా మాట్లాడరు. ఆ ఒక్కచోట మాత్రం గోవిందప్పకు కూడా నోరు మూసుకోవడం చిన్నప్పటినుంచీ అలవాటు. అక్కయమ్మ ఆయన చెయ్యి పట్టుకుని నేరుగా అక్కడికే లాక్కెళ్లింది. తట్టల్ని చూపించి, అడ్డంగా తల ఊపింది.

ఆయనకు అర్థమైంది. "తోట ఉంచుకుంటే ఈటిని చూసేకి ఎవురుండారే?" అని గుసగుసగా అడిగాడు. జవాబు కూడా తానే చెప్పబోయి, పురుగుల వైపు చూసి ఆగిపోయాడు.

"దువ్వెన," అందామె. కాదన్నట్టు చెయ్యి ఆడించింది.

ఆయన కాళ్లు అలవాటుగా గుమ్మం వైపు కదిలాయి. మళ్లీ నిలబడ్డాడు. కిటికీ తెర మీద ఎండ మెల్లగా పక్కకు జరుగుతోంది. ఇల్లంతా నిద్రలో ఉంది. ఆమె ఈసారి మాట వెంట పడలేదు. దానంతట అదే పైకి తేలేదాకా ఊరుకుంది.

"నేను... ఉండా," అంది.

గోవిందప్ప కళ్లు తుడుచుకున్నాడు. బయటికొచ్చి రామప్పకు ఫోను కలిపాడు. తాను ఒక్క ముక్క మాట్లాడకుండా దాన్ని ఆమె చేతికిచ్చాడు.