రామలక్ష్మమ్మ నొక్కిన బటను

షాహనాను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు అరుణ్ కుమార్ ఆమెను అడిగింది ఒకటే ప్రశ్న. కర్నూలులో ఒక మందుల దుకాణం పైఅంతస్తులో ఆరుగురు పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయనది. తాము తయారుచేసిన ప్రోగ్రామొకటి తెర మీద తెరిచి, "దీంట్లో నీకేం కనబడతాంది?" అన్నాడు.

షాహనా అప్పుడే పాలిటెక్నిక్ ముగించి వచ్చింది. తెరను ఒక నిమిషం పరిశీలించింది.

"సేవ్ బటను పక్కనే డిలీట్ పెట్టినారు సార్. చెయ్యి రవ్వంత జరిగితే అంతా పోతాది. రెండిటికీ మధ్య జాగా ఉండల్ల."

"సోమవారం నుంచి రా," అన్నాడాయన.

ఇది తొమ్మిదేళ్ల కిందటి మాట. అప్పట్నుంచి ఆ కంపెనీ చేసే ప్రతి ప్రోగ్రాములోనూ తెర పైభాగం షాహనాదే. పైన వరసగా ఉండే మెనూలు, వాటి కింద చిన్న చిన్న బొమ్మలతో కనబడే బటన్ల పట్టీ, అంటే టూల్‌బారు, ఇవి ఆమె పని. లోపలి లెక్కలు వేరేవాళ్లు రాస్తారు. అది చిన్న పని అని ఎవరైనా అంటే ఆమె వాదనకు దిగదు. "లోపల మీరెంత గొప్పగా రాసినా మనిషి ముట్టేది నేను రాసిందే," అని నవ్వి ఊరుకుంటుంది.

కోడుమూరు దగ్గర ఒక రైతు సంఘం మట్టి పరీక్ష కేంద్రం నడుపుతోంది. రైతులు చేలో నాలుగు మూలల నుంచి మట్టి తీసి, సంచిలో వేసి తెచ్చిస్తారు. పరీక్ష చేసి, ఆ నేలకు ఏం తక్కువో, ఏం వెయ్యాలో కాగితం మీద ప్రింటు తీసి ఇస్తారు. ఆ కేంద్రానికి కావలసిన ప్రోగ్రామును పోయిన ఏడాది అరుణ్ కుమార్ కంపెనీ రాసిచ్చింది. దాన్ని నడిపేది రామలక్ష్మమ్మ. ఆమె ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంది. మట్టిని జల్లించడంతో మొదలుపెట్టి, పరీక్షలు నేర్చుకుని, ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుంటోంది.

ఈ ఏడాది జూన్‌లో, విత్తనాలు వేసే ముందు, బొజ్జన్న అనే రైతు కాగితం పట్టుకుని కేంద్రానికి వచ్చాడు. అందులో అతని పొలం ఉప్పు పేరుకున్న చౌడు నేల అని, అది బాగుపడడానికి ఎకరాకు రెండు టన్నుల జిప్సం వెయ్యాలని ఉంది.

"ఇది నా చేనిది గాదప్పా," అన్నాడు బొజ్జన్న, సంఘం కార్యదర్శి రంగనాథ్ ముందు కాగితం పెట్టి. "మాది ఎర్రనేల. వాన పడితే గంటలో ఇంకిపోతాది. చౌడు యాడ నుంచి వచ్చె?"

మళ్లీ పరీక్ష చేశారు. బొజ్జన్న చెప్పిందే నిజమైంది. నేలలో చౌడు లేదు. కాగితం మీద పేరు అతనిది, అంకెలు ఇంకెవరివో. రంగనాథ్‌కు కోపం వచ్చింది. రామలక్ష్మమ్మ తప్పు నొక్కిందని, రేపట్నుంచి ఆమెను కంప్యూటరు దగ్గర కూర్చోనివ్వనని, కంపెనీ నుంచి కూడా అదే మాట రాసివ్వాలని అరుణ్ కుమార్‌కు ఫోను చేశాడు.

అరుణ్ కుమార్‌కు అది పెద్ద సంగతిలా తోచలేదు. "వాడేవాళ్ల పొరపాటు అని రెండు లైన్లు రాసి పంపించు షాహనా," అన్నాడు.

"చూడకుండా ఎట్ల రాస్తా సార్? పొద్దున పోయి చూసొస్తా."

మరుసటి రోజు పది గంటలకల్లా ఆమె కోడుమూరు కేంద్రంలో ఉంది. రామలక్ష్మమ్మ ఒక మూల మట్టి సంచులు సర్దుతోంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అక్కా, నేనేమీ అడగను. నువ్వు రోజూ ఎట్ల చేస్తావో అట్లనే చెయ్. నేను ఎనక కూర్చుంటా," అంది షాహనా.

"మళ్లా తప్పు చేస్తానేమో పాపా."

"చేస్తే మంచిదే. నాకు కనబడతాది."

రామలక్ష్మమ్మ కూర్చుంది. రైతు పేరు కొట్టింది, సంచి నంబరు కొట్టి ఎంటర్ నొక్కింది, ఆ సంచి అంకెలు తెర మీదికి రాగానే ప్రింటు తీసింది. మళ్లీ ఇంకో పేరు, ఇంకో నంబరు. ఆమె చెయ్యి వేగంగా ఉంది, ఇరవై సంచుల దాకా ఎక్కడా తడబడలేదు. ఇరవై ఒకటో సంచి దగ్గర బయట ఎవరో పిలిస్తే తల తిప్పి జవాబు చెప్పి, నంబరు కొట్టాక ఎంటర్ నొక్కడం మరిచి, నేరుగా టూల్‌బారు మీది ప్రింటర్ బొమ్మ నొక్కింది. కాగితం బయటికి వచ్చింది. పేరు కొత్త రైతుది. అంకెలు అంతకుముందు సంచివి.

షాహనా ఆ కాగితం చేతిలోకి తీసుకుని అంతకుముందు కాగితంతో పోల్చి చూసింది. తర్వాత మౌస్ అందుకుని పైన రిపోర్టు మెనూ తెరిచింది. అక్కడ "ప్రింటు" అన్న మాట నొక్కడానికి వీల్లేకుండా బూడిద రంగులో ఉంది. సంచి వివరాలు తెరుచుకోకపోతే ప్రింటు పనిచెయ్యకూడదని ఆమే రాసింది. మెనూ ఆ ఆంక్షను పాటిస్తోంది. టూల్‌బారు పాటించడం లేదు.

"అక్కా, నువ్వు పైన ఈ మెనూ ఎప్పుడైనా తెరుస్తావా?"

"ల్యాదు పాపా. బొమ్మ ఎదురుంగనే ఉండాది గదా."

షాహనా పరీక్షించినప్పుడల్లా మెనూలోంచే ప్రింటు తీసింది. రామలక్ష్మమ్మ ఒక్కసారీ మెనూ తెరవలేదు. తప్పు ఏడాదిగా అక్కడే ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చాక నాన్న ఇమాం బాషాకు ఈ సంగతంతా చెప్పింది. ఆయన ముప్పై ఏళ్లుగా ఇళ్లకు కరెంటు వైరింగు చేస్తున్నాడు. అంతా విని, "మెట్ల కాడ లైటుకు కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి పెడతాం. రెండూ ఒకే లైటుకు పోవల్ల. నువ్వు రెండు లైట్లు బిగించినావు," అన్నాడు.

"అంతే నాయనా. మెనూకు ఒకసారి, బటనుకు ఇంకోసారి వేరువేరుగా రాసినా. ఒకదాన్ని ఆపినా, రెండోదాన్ని మరిచినా."

"అయితే నీదే తప్పు."

"నాదే," అంది షాహనా. ఆ మాట అనడానికి ఆమెకేమీ కష్టం కాలేదు. సరిచెయ్యడం తనకు తెలుసు.

మర్నాడు ఆఫీసులో అరుణ్ కుమార్‌కు కూడా అదే చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మన తప్పని రాసిస్తే ఇంకో ఊరోళ్లు మనకు పని ఇస్తారా?"

"ఆయమ్మ మీద రాస్తే ఈ తప్పు అట్లనే ఉంటాది సార్. రేపు ఇంకొకరి చేతిలో ఇంకో కాగితం వస్తాది. నా పేరుతోనే రాయండి, నేనే పోయి చెప్తా."

తొమ్మిదేళ్లలో ఆమె ఇంత గట్టిగా మాట్లాడడం ఆయన చూడలేదు. చివరికి "సరే, నేనూ వస్తా," అన్నాడు.

తర్వాతి రెండు రోజులూ షాహనా ఆ భాగమంతా తీసి మళ్లీ రాసింది. ప్రింటు అనే పనిని ఒక్కచోటే రాసి, మెనూలోని మాటను, టూల్‌బారు మీది బొమ్మను, కీబోర్డు మీటలను, మూడింటినీ దానికే తగిలించింది. సంచి వివరాలు తెరుచుకోకపోతే మూడూ ఒకేసారి ఆగిపోతాయి. తెరుచుకుంటే మూడూ ఒకేసారి లేస్తాయి. నంబరు మారిన క్షణమే పాత అంకెలు తెర మీద నుంచి, లోపలి నుంచి కూడా చెరిగిపోయేలా చేసింది. ఆ పని అయ్యాక, గడిచిన ఏడాదిలో ప్రింటయిన నాలుగు వందల చిల్లర రిపోర్టులనూ పరీక్షల రిజిస్టరుతో సరిచూసింది. బొజ్జన్నది కాక ఇంకో రెండు తప్పులు దొరికాయి. ఒకటి గిడ్డయ్య అనే రైతుది. అతను జిప్సం తెప్పించి గట్టు మీద దించాడు గాని ఇంకా చల్లలేదు. రెండో రైతు కాగితాన్ని అసలు చదవనే లేదు. ఇద్దరికీ ఆమే ఫోను చేసి చెప్పింది.

కేంద్రంలో రంగనాథ్, రామలక్ష్మమ్మ, బొజ్జన్న, తనతో వచ్చిన అరుణ్ కుమార్ కూర్చుని ఉండగా షాహనా జరిగింది జరిగినట్టు చెప్పింది. "ప్రోగ్రాములో తప్పు. రాసింది నేను. అక్క నొక్కింది సరైన బటనే. దాన్ని అప్పుడు నొక్కనీయకుండా ఉంచాల్సింది నేను."

రంగనాథ్ రామలక్ష్మమ్మ వైపు తిరిగాడు. "తొందరపడి మాటన్నా రామలక్ష్మమ్మా. నీ కుర్చీ నీదే."

బొజ్జన్న మాత్రం షాహనానే చూస్తున్నాడు. "తప్పు నాదని చెప్పేదానికి కోడుమూరు దాకా వచ్చిన మనిషిని నేనిప్పుడే చూస్తాండా," అని నవ్వాడు.

రామలక్ష్మమ్మ కుర్చీలో కూర్చుని కొత్త ప్రోగ్రామును అటూ ఇటూ తిప్పి చూసింది. ఎంటర్ కొట్టకుండా ప్రింటర్ బొమ్మ నొక్కింది. బొమ్మ వెలిసిపోయే ఉంది, కాగితం రాలేదు. అప్పుడు ధైర్యం వచ్చినట్టుంది, పైనున్న మెనూలను వేలితో చూపించింది.

"ఈ ఫైలంటే ఏంది పాపా? నా ఫైళ్లు బీరువాలో ఉండాయి. నాకీడ పనికొచ్చేది మట్టి సంచి."

షాహనా వెంటనే కాగితం తీసింది. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఫైల్ పోయి "మట్టి సంచి" వచ్చింది. దాని కింద "కొత్త సంచి", "సంచి వెతుకు". "ప్రింటు" బదులు "ముద్రణ" అని పెట్టబోతే రామలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. "ముద్రణ అంటే మాకెవరికి తెలుస్తాది? ప్రింటు అంటేనే శానా బాగుంటాది." ఆమె ఎప్పుడూ వాడని పదకొండు బటన్లను తీసేశారు. టూల్‌బారు మీద నాలుగే మిగిలాయి.

అరుణ్ కుమార్ భయపడినట్టు పని పోలేదు. రంగనాథ్ ద్వారా విని కడప దగ్గర ఇంకో రైతు సంఘం అదే ప్రోగ్రాము కావాలంది. అక్కడివాళ్లకు నేర్పించడానికి షాహనా తనతో రామలక్ష్మమ్మను తీసుకుపోయింది. రామలక్ష్మమ్మ పదిమంది ముందు నిలబడి, ఏ బటను ఎప్పుడు వెలుగుతుందో, ఎప్పుడు ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో రెండు గంటలు చెప్పింది. షాహనా వెనక వరసలో కూర్చుని ఒక్క మాటా అందించలేదు.

చివర్లో ఒకాయన లేచి, "ఇది రాసిందెవరమ్మా?" అని అడిగాడు.

"రాసింది ఆ పాప," అంది రామలక్ష్మమ్మ వెనక వరసకు చెయ్యి చూపిస్తూ. "పేర్లు పెట్టింది నేను."